చనిపోయినవాడు మార్చుకున్న నంబరు

సాగిన్ దృష్టిలో కేసు ముగిసిపోయింది. కేసు ముగిసిన అధికారి చేసే పనే ఇప్పుడు చేస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ జిపార్ కుర్చీలో కూర్చుని, ఆమె కప్పులో టీ పోసుకుని, చావింటి నుంచి వచ్చిన బోర్సోక్ ముక్కలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. పోయినవాడి ఆత్మ కోసం నూనెలో వేయించిన రొట్టె అది. తినేముందు పోయినవాణ్ణి ఒక్కసారి తలుచుకోవాలి. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన సాగిన్‌కు అంత తీరిక లేదు.

జిపార్ గుమ్మంలోనే నిలబడింది. రాజధాని నుంచి దిగే అధికారులు ఈ చిన్న పట్టణంలో కుర్చీ ఎవరిదని అడగరు. ఆమెకది అలవాటే. అలవాటైనంత మాత్రాన ఏవగింపు తగ్గదు.

సాగిన్ తేల్చిన కథ ఇదీ. గుర్రాల పెంపకందారు ఒమూర్కాన్ మూడు రోజుల కిందట తెల్లవారుజామున తన గుర్రపుశాలలో తల పగిలి చనిపోయాడు. శవాన్ని మధ్యాహ్నం గాని ఎవరూ చూడలేదు. చూసింది కోడలు సైకాల్. ముసలాయన ఫోను నీళ్ల తొట్టి అడుగున దొరికింది. ఈలోగా ఉదయం దుకాణాలు తెరవగానే, నీలం అంచు తెల్ల రుమాలు తలకు కట్టుకుని, ముఖానికి మాస్కు పెట్టుకున్న ఒక స్త్రీ ఫోను కంపెనీ దుకాణానికి వెళ్లింది. నేను ఆయన కోడల్ని అని చెప్పింది. ముసలాయన పాస్‌పోర్టు చూపించి ఆయన నంబరును ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కు మార్పించి, కొత్త సిమ్ కార్డు పట్టుకుపోయింది. ముసలాయన బ్యాంకు ఖాతా ఆ నంబరుకే ముడిపడి ఉంది. మంద అమ్మగా వచ్చిన డబ్బంతా సాయంత్రానికి ఖాతాలోంచి ఊడ్చుకుపోయింది. నీలం అంచు రుమాలు సైకాల్ పెట్టెలో దొరికింది.

"చచ్చినవాడు వెళ్లి నంబరు మార్చుకోడు కదా, జిపార్ అక్కా. ఇంట్లో బతికున్నది కోడలొక్కతే. మొగుడు మాస్కోలో ఇటుకలు మోస్తున్నాడు. ఇందులో నీకు అర్థంకానిది ఏముంది?"

"నంబరు చేతికి రావాలంటే కొత్త సిమ్ కార్డు అడిగితే సరిపోతుంది. పోస్ట్‌పెయిడ్ ఎందుకు?"

"ఆఫరేదో వచ్చుంటుంది," అని సాగిన్ తన మాటకు తనే నవ్వుకున్నాడు.

జిపార్ నవ్వలేదు. కారిడార్ చివర గదిలో ఉన్న సైకాల్‌ను ఆమె పొద్దున్నే చూసి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. పాలు చేపుకొచ్చి రవిక ముందుభాగమంతా తడిసిపోయి, దాన్ని రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది. నాలుగు నెలల పాపను సాగిన్ ముందురోజే ఆడపడుచు కలీపాకు అప్పగించేశాడు. భోజనాలవేళకు జిల్లా జైలు బండి వస్తుంది. అక్కడ చంటిపిల్లలకు చోటు లేదు. ఒకసారి ఆ గేటు లోపలికి వెళ్లిన మనిషిని విచారణ పేరుతో ఎన్ని నెలలు ఉంచుతారో జిపార్‌కు తెలుసు. తిరిగి వచ్చేసరికి ఆ పాప ఇంకెవరినో అమ్మా అంటుంది.

రుమాలు సంగతి అడిగితే సైకాల్ చెప్పింది ఒక్కటే. ముందురోజు తీగ మీద ఆరేసిన రుమాలు ఆ రోజు పొద్దున లేచి చూస్తే లేదు, గాలికి పోయిందనుకుంది. మామయ్య పోయాక ఇల్లంతా ఆడవాళ్లతో నిండిపోయింది, బట్టలు ఎవరు మడిచారో, పెట్టెలో ఎవరు పెట్టారో తెలియదు. ఈ మాట సాగిన్‌కు చెబితే, దొంగలందరి బట్టలూ గాలికే పోతాయి అన్నాడు.

జిపార్ తలకు శాలువా చుట్టుకుని ఫోను దుకాణానికి బయలుదేరింది. సాగిన్ కూడా లేచాడు. ఆమె తప్పు చేస్తే దగ్గరుండి చూడాలని అతని సరదా.

దుకాణంలో ఉలుక్మాన్ అనే కుర్రవాడున్నాడు. కంపెనీ చొక్కా ఇస్త్రీ నలగకుండా నిలబడి, పల్లెటూరి పెద్దమ్మకు చెప్పినట్టు ఆమెకు నిదానంగా, గట్టిగా చెప్పాడు. ఆ నంబరు ముసలాయన ఎప్పుడో బజారులో బల్ల మీద కొన్నది. ఆ రోజుల్లో పేరూ ఊరూ అడిగేవాళ్లు కాదు. డబ్బు వేసుకోవడం, మాట్లాడుకోవడం, అంతే. దాని యజమాని ఎవరో కంపెనీకి కూడా తెలియదు. అలాంటి కార్డు పోతే నంబరు కూడా దానితోనే పోతుంది, ఇంకో కార్డు ఇవ్వరు. దాన్ని దక్కించుకోవడానికి ఒక్కటే దారి. పాస్‌పోర్టుతో వచ్చి ఒప్పందం చేసుకుని పోస్ట్‌పెయిడ్‌కు మారాలి. అప్పుడు నంబరు ఆ మనిషి పేరున పడుతుంది, కొత్త కార్డు చేతికి వస్తుంది.

"మనిషి రావాలన్నావు. వచ్చింది ఆయన కాదు కదా," అంది జిపార్.

ఉలుక్మాన్ గొంతు కాస్త దిగింది. ముసలాయనకు కాళ్లు పడిపోయాయని, కారులో ఉన్నాడని ఆమె చెప్పిందట. పాస్‌పోర్టు అసలుదే చూపించింది. బయటికి వెళ్లి చూశావా అని జిపార్ అడిగితే, బయట వాన పడుతోంది అన్నాడు. ఇస్త్రీ చొక్కా తడుస్తుందని ఒక శవానికి ఒప్పందం రాసి ఇచ్చాడన్నమాట. జిపార్ ఆ మాట పైకి అనలేదు. అతన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది. అతనికది సరిపోయింది.

సాగిన్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "అయితే ఏమంటావు?"

"పాత కార్డు నీళ్లలో పడిందని ఆ ఆడమనిషికి పొద్దున్నే తెలుసు. శవం ఇంకా ఎవరి కంటా పడకముందే తెలుసు."

"నేను చెప్పిందీ అదే. కోడలికి తెలుసు."

జిపార్ దుకాణమంతా తిరిగి చూసింది. బల్ల ఒకటి, వచ్చినవాళ్లకు కుర్చీ ఒకటి, సరిగ్గా ఆ కుర్చీ నెత్తిన కెమెరా ఒకటి. అది మాటలు కూడా పడుతుందా అని అడిగింది. పడుతుంది అన్నాడు ఉలుక్మాన్. నెల తిరిగి బిల్లు రాగానే, నేను పోస్ట్‌పెయిడ్ అడగలేదు మొర్రో అని గొడవకు వచ్చేవాళ్లు ఎక్కువ. అందుకని అడిగింది ఎవరో, ఏమడిగారో వాళ్ల నోటితోనే చెప్పించి దాచిపెట్టుకోవాలని కంపెనీ నియమం.

జిపార్ సాగిన్ వైపు తిరిగింది. "నువ్వు చూసినప్పుడు ఏమని వినబడింది?"

సాగిన్ ఆ రికార్డింగును తన ఫోన్‌లోకి పంపించుకుని, కారులో వస్తూ, శబ్దం లేకుండా చూశాడు. రుమాలు అంచు కనబడగానే ఆపేశాడు. ఇంతోటి మనిషిని పంపడానికి రాజధాని నుంచి ప్రత్యేకంగా బండి వేశారు.

ఉలుక్మాన్ కంప్యూటర్ తెర వాళ్లవైపు తిప్పి శబ్దం పెంచాడు. రుమాలు కనుబొమల దాకా దిగి ఉంది. మాస్కులోంచి గొంతు బొంగురుగా వస్తోంది, ఏ ఆడదాని గొంతైనా కావచ్చు. నంబరు యజమాని పేరు చెప్పమన్నాడు ఉలుక్మాన్. ఒమూర్కాన్ అంది ఆమె. వానకు వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఒమూర్కాన్, అని సంతలో సరుకు పేరు చెప్పినట్టు గట్టిగా చెప్పింది. మీరేమవుతారు అంటే కోడల్ని అంది. ఎవరికి కోడలు అంటే మూడోసారి కూడా తడుముకోకుండా ఆ పేరే చెప్పింది.

తర్వాత హామీ మనిషి సంగతి వచ్చింది. పోస్ట్‌పెయిడ్ అంటే ముందు మాట్లాడి తర్వాత కట్టడం. కట్టకపోతే పట్టుకోవడానికి ఇంకొక మనిషి పేరు, నంబరు కావాలి. కంపెనీ అప్పటికప్పుడే ఆ మనిషికి ఫోన్ చేసి అవుననిపించుకుంటుంది. ఆమె నంబరు గడగడా చెప్పింది. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఉలుక్మాన్ రెండుసార్లు అడిగాడు. పెద్దాయన అని రాసుకో అంది. అది పేరు కాదన్నాడు అతను. ఆమె తన ఫోన్‌లో వెతికి, మణికట్టు లోపలికి మడిచి, తెరను అతనికి చూపించింది. అక్కడా పెద్దాయన అనే ఉంది. అతను నవ్వి అదే రాసుకున్నాడు.

జిపార్ ఆ ముక్కను మళ్లీ వేయించుకుంది. ఇంకోసారి కూడా వేయించుకుంది. ఆమె అత్తింటికి వచ్చి ముప్పై ఏళ్లు. మామగారి పేరు ఇంతవరకు ఆమె పెదవి దాటలేదు. ఆయన పోయి పదిహేనేళ్లయినా దాటలేదు. పాస్‌పోర్టు ఆఫీసులో అడిగితే పక్కింటామెను తీసుకెళ్లి ఆమె చేత చెప్పించింది. పోలీసు ఉద్యోగం వేరు, ఇంటి కోడలు వేరు. ఈ లోయలో ఏ కోడలూ మామగారిని, బావగార్లను పేరు పెట్టి అనదు. ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటిరోజు తల మీద రుమాలు పడగానే నాలుక దానంతట అదే నేర్చుకుంటుంది.

ఈ సంగతి సాగిన్‌కు చెప్పింది. అతను పడి పడి నవ్వాడు.

"మా ఆవిడ మా నాన్నను పేరు పెట్టే తిడుతుంది. అది కూడా ఆయన ఎదురుగా."

"మీ నాన్న ఏమంటాడు?"

"ఆయన చెవిటివాడు."

"ఆ గుణం నీకెక్కడిదా అనుకున్నాను," అంది జిపార్.

హామీ మనిషి నంబరు వాళ్లు అక్కడి నుంచే కొట్టి చూశారు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. అదీ బజారు కార్డే, పేరు లేదు. సాగిన్ భుజాలెగరేశాడు.

స్టేషన్‌కు తిరిగి రాగానే అతనే పందెం వేశాడు. చంపడానికి జంకని మనిషి పేరు పలకడానికి జంకుతుందా, చూద్దాం పట్టు అని సైకాల్‌ను పిలిపించాడు. ఆమె వచ్చి గోడవారగా నిలబడింది.

"నీ మామ పేరు చెప్పు. చెప్పావంటే ఈ క్షణమే నిన్ను నీ పిల్ల దగ్గరికి పంపించేస్తాను," అన్నాడు.

సైకాల్ అతని ముఖంలోకి చూసింది, తర్వాత జిపార్ వైపు చూసింది. ఇదేం పరీక్షో ఆమెకు అర్థం కాలేదు. పిల్ల అన్న మాట ఒక్కటే అర్థమైంది. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్లీ తెరిచింది. చివరికి గోడవైపు తిరిగి, రుమాలు కొంగుతో నోరు మూసుకుని, మామయ్యా నన్ను క్షమించు అని గొణిగి, ఆ పేరు సగం పలికింది. తక్కిన సగం ఏడుపులో కొట్టుకుపోయింది. అక్కడే చతికిలబడి, నేల మీద వేలితో ఏదో చెరిపేస్తున్నట్టు రాస్తూ ఉండిపోయింది.

"చెప్పింది కదా," అన్నాడు సాగిన్.

"దుకాణంలో ఆమె ఎలా చెప్పిందో విన్నావు. ఈ పిల్ల ఎలా చెప్పిందో ఇప్పుడు విన్నావు. నీకు తేడా తెలియలేదంటే మీ నాన్న కంటే నీకే ఎక్కువ చెవుడు."

తనను పంపిస్తారా అని సైకాల్ అడిగింది. సరదాకు అన్నానులే అన్నాడు సాగిన్, కప్పులో మిగిలిన టీ తాగుతూ. ఆమెను మళ్లీ గదికి తీసుకుపోయారు. ఎదుటి మనిషిని ఎంత హీనంగా చూడవచ్చో జిపార్‌కు కొత్తగా తెలిసింది. ఆ చూపు తనకూ వచ్చేసిందని, అది సాగిన్ మీదే నిలిచిందని కూడా తెలిసింది.

"ఇప్పుడు విను," అందామె. "దుకాణానికి వెళ్లిన మనిషి సైకాల్ వేషం వేసింది. రుమాలు గుర్తుపెట్టుకుంది, కోడల్నని చెప్పడం గుర్తుపెట్టుకుంది. కోడలు ఆ పేరు పలకదన్నది మాత్రం మరిచిపోయింది. ఎందుకంటే ఆమెకు ఆయన మామగారు కాడు. అంతే కాదు. ఆమె కూడా ఒకింటి కోడలే. హామీ మనిషి పేరు ఆమె నోటికి రాలేదు. వేషం వేసుకున్నా నాలుక మాత్రం ఆమె అత్తింటిదే."

"ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఎవరికో ఒకరికి కోడళ్లే."

"వాళ్లలో ఒమూర్కాన్ పాస్‌పోర్టు ఏ అరలో ఉంటుందో తెలిసినవాళ్లు ఎందరు?"

సాగిన్ ఏదో అనబోయాడు. అంతలో కారిడార్‌లో చంటిపిల్ల ఏడుపు వినబడింది. ఆ వెంటనే చివరి గది తలుపు ఎవరో అరచేత్తో కొట్టిన చప్పుడు. సైకాల్ తన పాప గొంతు గుర్తుపట్టింది.

కలీపా వచ్చింది. ఒమూర్కాన్ కూతురు. పక్క ఊళ్లో ఇచ్చారు. తండ్రిని తన మరదలు ఎలా కాల్చుకుతినేదో వాంగ్మూలం ఇవ్వడానికి సాగినే రమ్మన్నాడు. నల్లబట్టల్లో, మూడు రోజులుగా శోకాలు పెట్టి గొంతు పోయిన మనిషి. ఆ శోకం విని ఊరంతా ఏడ్చింది, జిపార్ కూడా ఏడ్చింది. పాప సీసా పట్టడం లేదని, ఇంట్లో వదిలి రాలేక వెంట తెచ్చానని చెప్పింది. పాపను బయట బల్ల మీద కూర్చున్న ఒక పొడుగాటి మనిషి చేతికిచ్చి లోపలికి వచ్చింది. ఇంటివాళ్లను ఎవరూ ఆపొద్దని, ఇబ్బంది పెట్టొద్దని సాగిన్ కాపలావాడికి ముందే చెప్పి ఉంచాడు.

అతను ఆమెకు కుర్చీ వేశాడు, బోర్సోక్ పళ్లెం జరిపాడు. రాసుకునే పని నేను చూస్తానని జిపార్ కాగితం తీసుకుంది. మెత్తగా అడిగింది. ముందు ఇంటివాళ్ల పేర్లు కావాలి, నియమం అంది.

తండ్రి పేరు? ఒమూర్కాన్, దేవుడు ఆయన్ను చల్లగా చూడాలి. భర్త ఏం చేస్తాడు? గొర్రెల బేరం. అతనొక్కడేనా? కాదు, అన్నగారితో కలిసి. ఇప్పుడు మిమ్మల్ని ఇక్కడికి తెచ్చిందెవరు?

"మా బావగారు."

"ఆయన పేరు?"

కలీపా సన్నగా నవ్వింది. మీరూ కోడలే కదా, తెలియదా అన్నట్టుంది ఆ నవ్వు. ఫోను తీసి, వెతికి, మణికట్టు లోపలికి మడిచి, తెర జిపార్‌కు చూపించింది. పెద్దాయన అని ఉంది.

పళ్లెం దగ్గరికి పోయిన సాగిన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చెవుడున్నా కళ్లున్నాయి. ఆ మణికట్టును అతను దుకాణంలో మూడుసార్లు చూశాడు.

కలీపా ఫోను మూసేసింది. జిపార్ ముఖం చూసింది, సాగిన్ చెయ్యి చూసింది. ఎక్కడ ఏమైందో ఆమెకింకా అర్థం కాలేదు. ఏదో అయిందని మాత్రం తెలిసింది.

జిపార్ బల్ల కింద తన ఫోన్‌లో హామీ మనిషి నంబరు నొక్కింది.

బయట, కారిడార్‌లో, ఫోను మోగింది.

రెండుసార్లు మోగి ఆగింది. బల్ల కిర్రుమంది. బూట్లు పరుగెత్తిన చప్పుడు, బయటి తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. కారు స్టార్టయింది. సాగిన్ బోర్సోక్ పళ్లెం దొర్లించుకుంటూ తలుపు దగ్గరికి దూకాడు. కాపలావాడు అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఇంటివాళ్లను ఆపొద్దని తమరే అన్నారు కదా సార్ అన్నాడు. బల్ల మీద పాల సీసా ఒక్కటే పడి ఉంది.

జిపార్ కుర్చీలోంచి కదల్లేదు. ఆమె చూపు కలీపా మీదే ఉంది. మూడు రోజులుగా ఆ ముఖం మీదున్న శోకం, బట్ట జారినట్టు జారిపోయింది. దాని కింద విసుగు తప్ప ఏమీ లేదు.

"ముసలాడు మందంతా అమ్మి ఆ డబ్బు రేపు పుట్టబోయే మనవడికి అన్నాడు. పుట్టింది ఆడపిల్ల. అయినా దానికే అన్నాడు," అంది కలీపా. బొంగురు పోయిన గొంతులో వణుకు లేదు. "మా బావగారు మంచివారే. కొండదారిలో ఎవరూ వెంటబడకపోతే పిల్లకేమీ కాదు. జైలు బండి వేళకు వస్తుందిగా. ఎక్కించాల్సిన మనిషిని ఎక్కించి పంపండి. సాయంత్రానికి పిల్ల ఎవరి గుమ్మంలోనో దొరుకుతుంది."

సాగిన్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఏం చెయ్యమంటావు అక్కా అని అడిగాడు. ఆ పిలుపులో ఈసారి వెటకారం లేదు. జవాబు చెప్పదగిన మనిషిగా అతను ఆమెకు కనబడలేదు.

కారిడార్ చివర గదిలో అరచేతుల చప్పుడు ఆగిపోయింది. అక్కడి నుంచి సైకాల్ గొంతు, ఎవరినీ నొప్పించకూడదన్నంత నెమ్మదిగా, వాళ్లను అడిగింది.

"పాప ఏడుపు వినబడటం లేదేంటి?"